నాగలి, కర్రు, దున్నేవాడు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన పత్రికలలో వొక మాట తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా పార్టీకి ప్రజలు కర్రు కాల్చి వాత పెడతారని వొక నాయకుడు అంటాడు. పెట్టారని ఫలితాల మర్నాడు సంపాదకుడు రాస్తాడు. వోడినవాడు కూడా ఆ మాటనే దాచిపెట్టుకుని అయిదేళ్ళ తర్వాత బయటికి తీస్తాడు. ఇంతగా నలిగిన ఈ మాటలోని కర్రును కళ్ళతో చూసినవారు మాత్రం నానాటికీ తగ్గిపోతున్నారు. నేను పాఠం చెప్పే విద్యార్థులను అడిగి చూశాను. కర్రంటే కర్రేనన్నవారు కొందరు. పొయ్యిలో కాల్చే వూచ అన్నవారు కొందరు. రైతుల బిడ్డలు కూడా ఆ తరగతిలో వున్నారు.

వస్తువు వాడుకలోంచి పోతే పేరు మరుగున పడటం సహజమే. అందుకు కన్నీరు కార్చనవసరం లేదు. ఎద్దు వెనక నడిచి నడిచి నడుములు పడిపోయిన మనిషి ట్రాక్టరు వచ్చినందుకు సంతోషిస్తాడు గాని, కొయ్య నాగలి కవిత్వం పోయిందని దిగులుపడడు. నన్ను ఆలోచింపజేసింది మరొకటి. వ్యవసాయానికి చెందిన మాటలలో కొన్ని రాజశాసనాలకు ఎక్కాయి, చట్టాలకు ఎక్కాయి, జెండాలకు ఎక్కాయి. నాగలి అటువంటిది. హలం అటువంటిది. కర్రు మాత్రం కొలిమికీ పొలానికీ మధ్యనే తిరిగి తిరిగి, చివరకు శిక్షకు పర్యాయపదంగా పత్రికలకెక్కింది. ఈ తేడా యాదృచ్ఛికమని నేననుకోను.

ముందు వస్తువును చూద్దాం. నాగలిలో మనిషి చేతికి అందేది మేడి. ఎద్దుల మెడమీదికి వెళ్ళేది కాడి. నాగటి మొద్దును కాడితో కలిపే పొడుగాటి దూలాన్ని నొగ అనీ, ఏడికోల అనీ ప్రాంతాన్ని బట్టి అంటారు. నాగలినే రాయలసీమలో మడక అంటారు. ఎద్దులతో సహా కట్టిన నాగలిని చాలాచోట్ల అరక అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇటువంటి మాటలను పండితుల గ్రంథాల నుంచి కాక రైతుల నోటి నుంచి సేకరించి మనకిచ్చింది. అది మన విశ్వవిద్యాలయాలు చేసిన మంచి పనులలో వొకటి. ఈ భాగాలన్నీ కొయ్యవి, వడ్రంగి చేతివి. వాటిలో కర్రు వొక్కటే ఇనుము. అది కమ్మరి చేతిది. మొద్దు కింద గాడిలో బిగించిన ఇనుప కమ్మీ అది. దాని మొన వొక్కటే నేలలోకి దిగుతుంది. మేడి తాత చేతినుంచి మనుమడి చేతికి రావచ్చు. కర్రు అలా రాదు. అది అరుగుతుంది. అరిగిన కొద్దీ ముందుకు జరిపి బిగించాలి, మొద్దుబారితే కొలిమికి తీసుకుపోయి కాల్చి సాగగొట్టించాలి, మరీ పొట్టిదైతే కొత్త ఇనుము అతికించాలి. రాతినేల అయితే దుక్కుల రోజులలో కమ్మరి ఇంటిముందు తెల్లవారకముందే రైతులు కూచునేవారు. వూళ్ళో ఎర్రగా కాలిన ఇనుము ఎక్కువగా కనిపించేది కత్తి రూపంలో కాదు, కర్రు రూపంలోనే. "కర్రు కాల్చి" అన్న మాటకు పుట్టిల్లు ఆ కొలిమే.

ఇక మాటల సంగతి. నాగలి అన్న మాట పెద్ద కుటుంబం గలది. తమిళంలో నాంజిల్, కన్నడంలో నేగిలు దానికి దగ్గర చుట్టాలు. ఋగ్వేదంలోనే కనిపించే లాంగల శబ్దం సంస్కృతానికి స్వంతం కాదనీ, ఇక్కడి నేలను అంతకుముందే దున్నుతున్న జనం నుంచి వచ్చిందనీ భాషావేత్తలలో చాలామంది అంగీకరిస్తారు. ఆ జనం ద్రావిడ భాషలవారా, ముండా మొదలైన ఆస్ట్రో ఏషియాటిక్ భాషలవారా అన్న దగ్గర వాదం వున్నది గాని, ఆర్యభాష దానిని అరువు తెచ్చుకున్నదన్న దగ్గర పెద్ద వాదం లేదు. వేదం చదివిన నోరు నాగలి పేరును నాగలి పట్టినవాడి దగ్గర నేర్చుకున్నది! కర్రుకు సంస్కృతం ఫాల అన్నది. తమిళుడు కొళు అంటాడు, కన్నడిగుడు కుళ అంటాడు, మనం కర్రు అంటాం. ఫాలమన్న మాట మన కావ్యాలలో నుదుటికి స్థిరపడి ఫాలనేత్రుడై కూచున్నది. కర్రుకు అక్కడ పెద్ద చోటు దొరకలేదు.

శాసనాలలో నాగలికి దొరికిన గౌరవం చూడండి. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో కృష్ణాతీరాన విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుణ్ణి నాగార్జునకొండ శాసనాలు పొగిడే తీరు ప్రసిద్ధమే. కోట్ల బంగారు నాణేలూ, లక్ష ఆవులూ, లక్ష హలాలూ దానం చేసినవాడని ఆ ప్రాకృత శాసనాలు ఆయన బంధువర్గపు స్త్రీల దానాలు చెప్పేటప్పుడు మళ్ళీ మళ్ళీ అంటాయి. హలమంటే ఇక్కడ కొయ్య పనిముట్టు కాదు, వొక నాగలి దున్నగలిగినంత నేల అని చరిత్రకారులు చెబుతారు. లక్ష అన్నది పొగడ్త లెక్క కావచ్చు. కాని లెక్క వేసిన పద్ధతి పొగడ్త కాదు. భూమిని నాగళ్ళతో కొలిచారు. రెండరకల వ్యవసాయం, నాలుగరకల వ్యవసాయం అన్న మాటలు మన పల్లెల్లో మొన్నటిదాకా ఆస్తిని చెప్పేవే. అయితే నాగలి తనంత తాను దున్నదు. లక్ష నాగళ్ళన్నప్పుడు లక్ష జతల ఎద్దులూ, మేడి పట్టడానికి లక్షమంది మనుషులూ, వాళ్ళ కర్రులు కాల్చడానికి వేల కొలుములూ ఆ లెక్క కింద అణిగి వున్నాయి. నాగలిని దానం చేయవచ్చు, పన్ను వేయవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. కర్రును లెక్కపెట్టిన రాజు నాకు కనబడలేదు. అది ఖర్చు పద్దులోది. జమ పద్దులోది కాదు.

ఈ అరిగే గుణమే పురావస్తు శాస్త్రజ్ఞులను కూడా చిక్కులో పెట్టింది. ఇనుముకు ముందే మన దేశంలో నాగలి వున్నదని రాజస్థాన్‌లోని కాలీబంగన్ చెబుతుంది. అక్కడ హరప్పా నగర దశకు ముందు కాలపు పొలం, అడ్డంగా నిలువుగా వేసిన చాళ్ళతో సహా, తవ్వకాలలో బయటపడింది. అంటే సుమారు నాలుగువేల ఎనిమిది వందల ఏళ్ళ కిందట కొయ్య మొనతో దున్నారు. ఋగ్వేదం నాలుగో మండలంలోని క్షేత్రపతి సూక్తంలో ఫాలం వున్నది గాని అది దేనితో చేసినదో లేదు. అథర్వవేదంలో ఫాలమణి అన్న తాయెత్తు ఖదిరంతో, అంటే చండ్ర కొయ్యతో చేసినది; గట్టి కొయ్యే ఆనాటి కర్రు అని దానివల్ల వూహించవచ్చు. పాణిని కాలానికి వచ్చేసరికి కుశీ అన్న మాట ఇనుప వస్తువుకు పేరైంది. అది ఇనుప కర్రేనని వాసుదేవశరణ్ అగ్రవాల్ వివరించారు.

ఈ మార్పుకు చరిత్రలో వున్న స్థానాన్ని మనకు గట్టిగా చూపినవారు దామోదర్ ధర్మానంద్ కోశాంబి. 1956లో వచ్చిన భారత చరిత్ర అధ్యయన గ్రంథంలో ఆయన రాజుల వరుసను పక్కకు నెట్టి, గంగామైదానపు బరువైన ఒండ్రునేలను, దట్టమైన అడవులను లోబరచుకున్న ఇనుమునూ నాగలినీ ముందుకు తెచ్చారు. మగధ బలం వెనక గనులున్నాయన్నారు. రామశరణ్ శర్మ ఆ వాదాన్ని పెంచి, మిగులు పంటకూ నగరాలకూ బౌద్ధానికీ ముడివేసి చూపారు. దీనికి ఎదురుదెబ్బ కూడా తగిలింది. అమలానంద ఘోష్ 1973లోనూ, ఆ తర్వాత మక్ఖన్ లాల్ మొదలైనవారూ, ఇనుప గొడ్డలి లేకుండా నిప్పుతోనే అడవులు కొట్టవచ్చుననీ, తవ్వకాలలో దొరికిన ఇనుములో ఆయుధాలే ఎక్కువగాని సేద్యపు పనిముట్లు బహు తక్కువనీ వాదించారు. ఉత్తరప్రదేశ్‌లోని జఖేరాలో దొరికిన ఇనుప కర్రు వంటివి వేళ్ళమీద లెక్కపెట్టవలసినవే.

ఇనుము వొక్కటే చరిత్రను నడిపిందనే యాంత్రిక వాదాన్ని నేను సమర్థించను. పనిముట్టు దానంతట అది మిగులును పుట్టించదు, పుట్టిన మిగులును ఎవరు ఎత్తుకుపోతారో నిర్ణయించదు. ఆ మేరకు ఘోష్ అభ్యంతరం మనకు మేలే చేసింది. కాని "కర్రులు దొరకలేదు గనుక కర్రులు లేవు" అన్న తర్కాన్ని మాత్రం కొలిమి దగ్గర కూచున్నవాడెవడూ వొప్పుకోడు. ఒండ్రునేల తడి ఇనుమును తింటుందని శర్మగారు అన్నారు. దానికి తోడు మరొక కారణం వున్నది. అరిగిన కర్రును రైతు పారేయడు. అది కొత్త కర్రుకు అతుకు అవుతుంది, కొడవలి అవుతుంది, బండి చీల అవుతుంది, చివరకు మేకై గుమ్మంలో దిగుతుంది. రాజు కత్తి రాజుతోపాటు సమాధిలో పడుకుంటుంది. దాన్ని రెండువేల ఏళ్ళ తర్వాత మనం తవ్వి తీసి గాజుపెట్టెలో పెడతాం. పేదవాడి ఇనుముకు సమాధి లేదు. తవ్వకాల పళ్ళెంలో కత్తులెక్కువ, కర్రులు తక్కువ అయితే అది పనిముట్ల నిష్పత్తి మాత్రమే కాదు, ఇనుమును దాచగలిగినవాడికీ తిరిగి కాల్చక తప్పనివాడికీ మధ్య నిష్పత్తి కూడా.

మట్టిలో దొరకని కర్రు గ్రంథాలలో కొన్నిచోట్ల దొరుకుతుంది. వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పాలి సుత్తనిపాతంలోని కసిభారద్వాజ సుత్తం. కథ మగధలో దక్ఖిణగిరి ప్రాంతాన ఏకనాల అనే బ్రాహ్మణ గ్రామంలో జరుగుతుంది. విత్తనాల అదను. భారద్వాజుడనే బ్రాహ్మణుడు అయిదువందల నాగళ్ళు కట్టించి వున్నాడు. దున్నేవాళ్ళకు అన్నం పంచే వేళకు బుద్ధుడు భిక్షకు వచ్చి నిలబడతాడు. బ్రాహ్మణుడు ఆయనను చూసి, నేను దున్నుతాను, విత్తుతాను, అలా దున్ని విత్తి తింటాను, నువ్వు కూడా దున్నుకుని తినరాదా అంటాడు. బుద్ధుడు, నేనూ దున్నుతాను అంటాడు. నీ కాడి ఏది, నాగలి ఏది, కర్రు ఏది, ముల్లుకర్ర ఏది, ఎద్దులేవి అని బ్రాహ్మణుడు అడుగుతాడు. పాలిలో ఇక్కడ నంగలమూ ఫాలమూ విడివిడిగా వున్నాయి. రెండింటికీ తేడా తెలిసిన లోకం అది. అప్పుడు బుద్ధుడు శ్రద్ధే విత్తనమనీ, ప్రజ్ఞే కాడి నాగలి అనీ, స్మృతే కర్రూ ముల్లుకర్రా అనీ తన సేద్యం వివరిస్తాడు. బ్రాహ్మణుడు లొంగిపోతాడు.

ఈ సంవాదాన్ని వ్యాఖ్యానించే పండితులు సాధారణంగా బుద్ధుడి రూపకం దగ్గర ఆగి తన్మయులవుతారు. రూపకం బాగానే వున్నది. నా చూపు మాత్రం బ్రాహ్మణుడి మొదటి మాట మీద నిలిచిపోతుంది. అయిదువందల నాగళ్ళ వెనక అయిదువందలమంది నడుస్తున్నారు. వాళ్ళకు అన్నం పెట్టే వేళ అది. వాళ్ళలో వొక్కరికీ ఆ కథలో పేరు లేదు, మాట లేదు. ఆ అయిదువందలమంది ఎదురుగా నిలబడి వొక మనిషి "నేను దున్నుతాను" అంటున్నాడు! అతని పేరులోనే కృషి వున్నది. అతడు అబద్ధమాడుతున్నానని అనుకోవడం లేదు. నాగళ్ళు తనవి గనుక దున్నడం తనదే. బుద్ధుడైనా, వీళ్ళు దున్నుతుంటే నువ్వు దున్నుతున్నానంటావేమయ్యా అని అడగలేదు. అడిగివుంటే ప్రపంచ సాహిత్యంలోకెల్లా గొప్ప సంవాదం అయ్యేది. భిక్షాపాత్ర పట్టుకున్నవాడు మిగులు మీద బతికేవాడే గదా. మిగులు ఎక్కడిదని నిలదీయడం ఏ సంఘానికీ తేలిక కాదు.

అయితే కథ చెప్పినవాడికి కొలిమి తెలుసు. బ్రాహ్మణుడిచ్చిన పాయసాన్ని బుద్ధుడు నిరాకరిస్తాడు. దాన్ని నీళ్ళలో పోస్తే, పగలంతా కాల్చిన కర్రును నీళ్ళలో వేసినట్టు చుయ్యిమని పొగలు కక్కిందట. ఈ వొక్క పోలిక చాలు. ఇది ఇనుప కర్రు. చండ్ర కొయ్యను ఎవరూ అలా కాల్చరు. కాలిన కర్రును తొట్టిలో ముంచినప్పటి ఆ చప్పుడు విన్న శ్రోతల కోసం చెప్పిన కథ ఇది. వేల మైళ్ళ పురావస్తు సర్వేకు ఇది సమానమని అనను గాని, అంత తేలిగ్గా తోసివేయదగ్గ సాక్ష్యం కూడా కాదు.

ధర్మశాస్త్రాలకు వస్తే కర్రు బతుకు మరింత స్పష్టమవుతుంది. మనుస్మృతి పదో అధ్యాయంలో, ఆపదలో వైశ్యవృత్తికి దిగిన బ్రాహ్మణ క్షత్రియులు సైతం కృషిని మానుకోవాలని చెప్పి, కారణంగా ఇనుపమొన గల కొయ్య నేలనూ నేలలోని ప్రాణులనూ చంపుతుందని చూపుతుంది. నాగలి అన్న పేరే ఎత్తకుండా ఇనుపమొన గల కొయ్య అనడంలో ఎంత ఏవగింపు వున్నదో గమనించండి. ఆ కొయ్య పండించిన ధాన్యంమీద మాత్రం ఏవగింపు లేదు. హింస చేతిని అంటుకుంటుంది. ఫలం నోటిని అంటుకోదు. వానపాము మీద చూపిన దయ దున్నేవాడి మీద చూపి వుంటే మన చరిత్ర మరోలా వుండేది. కౌటిల్యుడు ఇంత నాజూకు మనిషి కాడు. రాజు స్వంత భూములను సీతాధ్యక్షుడు దాసులచేత, కూలివారిచేత, జుల్మానా కట్టలేక పనితో తీర్చుకునే శిక్షితులచేత దున్నించాలనీ, వారికి నాగళ్ళూ ఎద్దులూ లోటు రాకూడదనీ, కమ్మరులూ వడ్రంగులూ తాళ్ళు పేనేవాళ్ళూ పాములు పట్టేవాళ్ళూ అందుబాటులో వుండాలనీ రాశాడు. పాములవాణ్ణి కూడా మరచిపోని ఆ మనిషికి పొలం తెలుసు.

ఇక బృహస్పతి. ఈ స్మృతి పూర్తిగా దొరకలేదు. తర్వాతి నిబంధ గ్రంథాలు ఉదాహరించిన శ్లోకాలను ఏర్చి కూర్చి కె.వి. రంగస్వామి అయ్యంగార్ 1941లో ప్రచురించారు. యాజ్ఞవల్క్యుడు అయిదు దివ్యాలు చెబితే ఇందులో తొమ్మిది వున్నాయి. సాక్షులు లేని నేరంలో నిందితుడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చే పరీక్ష దివ్యం. తొమ్మిదింటిలో వొకటి ఫాలదివ్యం. పన్నెండు పలాల ఇనుముతో, ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పున కర్రు చేయించి, నిప్పురంగు వచ్చేదాకా కాల్చి, ఆవుల దొంగతనం మోపబడినవాడిచేత దాన్ని వొకసారి నాలుకతో నాకించాలి. నాలుక కాలకపోతే నిర్దోషి. కాలితే దోషి.

చరిత్ర విద్యార్థికి ఇందులో వొక చిన్న లాభం వున్నది: కర్రు కొలతలు దొరికాయి. పన్నెండు పలాలంటే నేటి లెక్కలో అరకిలోకు కొంచెం తక్కువ. కాని ఆ లాభం తీసుకుని ముందుకు వెళ్ళిపోవడానికి నా మనస్సు వొప్పదు. ఆవుల దొంగతనం ఎవరిమీద మోపుతారు? అయిదువందల నాగళ్ళ భారద్వాజుడి మీద కాదు. పసులు కాసేవాడిమీద, పాలేరుమీద, వూరిబయట వున్నవాడిమీద. పొద్దున అతడు నేలలో దించిన ఇనుమునే సాయంత్రం అతని నాలుకమీద పెట్టడానికి శాస్త్రం సిద్ధంగా వున్నది. కొలిమి అదే, కమ్మరి అతడే, కర్రు అదే. పనిముట్టు శిక్షాసాధనంగా మారడానికి పట్టేది పనివాడికీ దానికీ మధ్య మరొకడు అధికారిగా నిలబడేటంత సేపే. "కర్రు కాల్చి వాత పెట్టడం" ఈ స్మృతి నుంచే పుట్టిందని నేను చెప్పడం లేదు. పశువులకు వాతలు వేసే పల్లెవైద్యం దానికి మరింత దగ్గర. అయినా మన నుడికారంలో వొక తిరుగుబాటు వున్నది. స్మృతిలో కర్రు కాల్చించేది ధర్మాధికారి, కాలేది పసులకాపరి నాలుక. నుడికారంలో కర్రు పట్టుకున్నది జనం, కాలేది అధికారి వీపు. శతాబ్దాల బాధ ఎదురు తిరిగినప్పుడు అది కొత్త ఆయుధం వెతుక్కోదు. ఈ మాటను నాయకులు వొకరిమీద వొకరు విసురుకుంటున్నారు గాని, అది మొదట వాళ్ళకు చెందిన మాట కాదు.

కమ్మరి సంగతి కొంత చెప్పాలి. ఆయగాళ్ళ వ్యవస్థలో కమ్మరికీ వడ్రంగికీ కూలి డబ్బు రూపంలో కాక కళ్ళంలో మేరగా ముట్టేది. ఆ మేర నాగలికి ఇంత అని లెక్క. కర్రు ఎన్నిసార్లు కాల్చాడన్నది లెక్కలోకి రాదు. ఇక్కడ కూడా నాగలే కొలత. ఈ పద్ధతిని పల్లెటూరి సహజీవనంగా కీర్తించేవారున్నారు. తెలంగాణలో అది ఏ రూపం తాల్చిందో వారు చూడాలి. దేశముఖుల గడీలకు వ్యవసాయపు పనిముట్లను కమ్మరులూ వడ్రంగులూ వెట్టిగా చేసిపెట్టవలసి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ తెలంగాణ పోరాట చరిత్రలో వివరించారు. దొర నాగళ్ళకు కర్రులు ముందు, రైతు నాగలికి తర్వాత. అదను దాటితే పోయేది రైతు పంట. ఇనుము తక్కువై ఇలా జరిగిందా? కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కుకోసం పర్షియా వర్తకులు వచ్చి కూచునేవారు. 1820లలో వాయ్సే అనే ఆంగ్లేయుడు అక్కడికి వెళ్ళి ఆ మూసల పద్ధతిని చూసి రాశాడు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు అది. సీమ ఇనుము దిగుమతీ, బొగ్గుకు అడవుల మీద వచ్చిన ఆంక్షలూ కలిసి దేశమంతటా ఇటువంటి బట్టీలను ఆర్పివేశాయి. ఆ తర్వాత మన కమ్మరి రైలు వొడ్డున దొరికిన తుక్కును కాల్చి కర్రు చేశాడు.

1944 మొదలు ఆంధ్రమహాసభ సంఘాలు వెట్టిమీద లేచినప్పుడు పల్లెల్లో కదిలినవారిలో ఈ వృత్తులవారు ముందున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొరల భూమిని కౌలుకు పట్టి సేద్యం చేయడమే విసునూరు దేశముఖుకు గిట్టలేదు. బట్టలుతికే కులం అరక కట్టడమేమిటన్నది అతని కోపం. పంట ఎత్తుకుపోవాలనుకోవడం దాని ఫలితం. 1946 నుంచి 1951 వరకు నడిచిన సాయుధ పోరాటంలో భూమి స్వాధీనానికి గుర్తు కాగితం కాదు. జెండా పాతి, అరకలు కట్టి, కర్రు దించడమే గుర్తు. పదిలక్షల ఎకరాలు అలా పంచామని పార్టీ లెక్క. దున్నేవాడికే భూమి అన్న నినాదంలో దున్నేవాడెవడన్న సందేహం ఆనాడు ఎవరికీ రాలేదు. అరక వెనక వున్నవాడే దున్నేవాడు.

సందేహం చట్టానికి వచ్చింది. పోరాటం సాగుతుండగానే, 1950లో, హైదరాబాదు కౌలు, వ్యవసాయ భూముల చట్టం వెలువడింది. రక్షిత కౌలుదారును గుర్తించిన చట్టమది. పోరాటం లేకపోతే వచ్చేది కాదు. దానిలో "స్వయంగా సాగుచేయడం" అన్న మాటకు యిచ్చిన నిర్వచనాన్ని మన విద్యార్థులు వొకసారి శ్రద్ధగా చదవాలి. తన శ్రమతో సాగుచేయడం స్వయంగా సాగుచేయడమే. కుటుంబంలోనివారి శ్రమతోనూ అంతే. పంటలో వాటా కాకుండా డబ్బు గాని ధాన్యం గాని జీతంగా పుచ్చుకునే పాలేళ్ళచేత, లేదా తన పర్యవేక్షణలో కూలివాళ్ళచేత దున్నించినా కూడా స్వయంగా సాగుచేయడమే. గట్టుమీద గొడుగు కింద నిలబడిన మనిషి ఈ నిర్వచనం ప్రకారం స్వయంగా సాగుచేస్తున్నాడు. ఏకనాల గ్రామంలో భారద్వాజుడు అన్న మాటనే చట్టం భాషలో మళ్ళీ రాశారు. తేడా వొక్కటే: బుద్ధుడి ఎదుట అది వొక గృహస్థు నోటి మాట, ఇక్కడ అది కౌలుదారును తొలగించి భూమి తిరిగి తీసుకోవడానికి హక్కు. ఆ హక్కును వాడుకున్నవారు తక్కువమంది కాదు. స్వంత సాగుకని చెప్పి కౌలుదార్లను నేల మీదినుంచి లేపివేయడం ఆ దశాబ్దమంతా సాగింది.

నాగళ్ళు పోయాయి గదా, ఇప్పుడు ఈ గొడవెందుకని కొందరంటారు. నాగలి పోయింది, నిర్వచనం పోలేదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం పట్టా వున్నవాడికి అందింది. కౌలుకు దున్నేవాడికి అందలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలురైతును గుర్తించడానికి ముందుకు వచ్చింది గాని, యజమాని వొప్పుకుని సంతకం చేస్తేనే. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి వుండేది. ఎవడి పేర వున్నా నేలమీద వున్నదెవడో గ్రామ కరణం ఏటా అందులో రాయవలసి వచ్చేది. రాసినదంతా నిజమని కాదు గాని, అబద్ధం రాయడానికైనా ఆ గడి నింపవలసి వచ్చేది. 2020లో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఆ గడి లేకుండా పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఈ మధ్యలో పట్టాదారు పాసుపుస్తకం చూపి నేను దున్నుతున్నానన్నవాడి మాటే మాట అయింది. ఆ నేలలో అసలు ఎవరి కాళ్ళు దిగబడుతున్నాయో రాయడానికి చోటే లేకపోయింది.

1950 చట్టానికి తర్వాత చేర్చిన 38-ఇ సెక్షను కింద రక్షిత కౌలుదార్లు కొందరికి 1970లలో యాజమాన్యపు పత్రాలు వచ్చాయి. ఆ పత్రాలలో తాతల పేర్లున్న మనుమలు, వాటిని మడతలు చిరగకుండా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకుని, తహసీలు కచేరీల ముందూ కోర్టుల ముందూ ఈనాటికీ తిరుగుతున్నారు. మీలో చరిత్ర మీద పరిశోధనకు పూనుకునేవారు ఎవరైనా వుంటే, రాతిశాసనాలకంటే ముందు ఆ సంచులు విప్పించి చదవండి.